భద్రపరచిన స్థలం: గుమ్మం

నేను చేటలో బియ్యం పోసుకుని మట్టిబెడ్డలు ఏరుతున్నాను. మామ్మ నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది. మా ఇంట్లో ఇది రోజూ జరిగే పనే. నా చేతికి బెడ్డ తగిలే వేగమూ మామ్మ నోటికి మాట తగిలే వేగమూ దాదాపు ఒకటే. ఆ రోజు తన పెళ్ళిలో పెళ్ళికొడుకు చెప్పుల్ని మేక నమిలేసిన సంగతి చెబుతోంది. ఆ కథ వందసార్లు విన్నాను. ప్రతిసారీ మేక రంగు మారుతుంది. అందుకే మళ్ళీ వింటాను.

"ఈసారి బాగా గేపకం తెచ్చుకున్నానే. అది ఎర్ర మేకే..." అని మామ్మ అంటూండగా వీధిలో తెల్ల కారు ఆగింది.

ఇద్దరు దిగారు. లాల్చీ మీద చేనేత కండువా వేసుకున్న యాభై ఏళ్ళాయన పేరు ఆచార్య విశ్వోదయ్. స్వర పునరుద్ధరణ సంస్థకు సంచాలకులు. వెనక సంచీ మోసుకుంటూ వచ్చిన అమ్మాయి పేరు మైత్రేయి. ఆ సంస్థలోనే క్షేత్ర పరిశోధకురాలు.

"దమయంతిగారంటే?" అన్నారాయన.

"నేనేనండి. తలుపు తెచ్చారా సార్?"

ఆయన మైత్రేయి వైపు తిరిగారు. "రాసుకో. మొదటి వాక్యంలోనే తలుపు."

ఆ తలుపు సంగతి ముందు చెప్పాలి. మా ఊరి బడిలో నేను చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పే వాలంటీరుని. అక్కడ ఆడపిల్లల మరుగుదొడ్డికి ఉన్న ఒక్క రేకు తలుపూ పోయినేడు తుఫానుకు ఎగిరిపోయింది. అప్పటినుంచీ పాత చీరే కడుతున్నాం. గాలి వీస్తే ఆ చీర బడి జెండా కన్నా బాగా ఎగురుతుంది. ఆడపిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండడం నేర్చుకున్నారు. ఏడో తరగతిలో నలుగురు రావడమే మానేశారు.

హెడ్మిస్ట్రెస్ వరహాలమ్మ మేడం చెబితే అర్జీలు నేనే రాశాను. ఆరింటికి జవాబు లేదు. ఏడోదాని చివర కోపమొచ్చి, "ఇప్పటికి ఆరుసార్లు చెప్పుకున్నాం, ఎవరూ వినలేదు" అని ఒక వాక్యం చేర్చాను. జిల్లా ఆఫీసు గుమాస్తాకు తలుపు కనిపించలేదు, ఆ వాక్యం కనిపించింది. వినకపోవడం ఇంజనీరింగు విభాగం కిందకు రాదని తేల్చి, ఎవరూ వినిపించుకోని వాళ్ళ కోసం కొత్తగా తెరిచిన ఈ సంస్థకు ఫైలు పంపించాడు. వాళ్ళకు అదే మొదటి ఫైలు.

"దమయంతిగారూ, మీ గొంతు మీకు తిరిగి అప్పగించడానికి వచ్చాం," అన్నారు ఆచార్యులవారు మంచం మీద కూర్చుంటూ.

మామ్మ గాబరా పడింది. "గొంతుకేటైనాది? పొద్దున్న అంబలి బాగానే తాగినాదే! ఒలే గుంటా, నోరు తెరు, సూడనీ."

"మిమ్మల్ని మౌనంలోకి నెట్టిందెవరు?"

"ఎవరూ నెట్టలేదండి. నేను తక్కువ మాట్లాడతాను, అంతే."

"ఎప్పటినుంచి?"

"చిన్నప్పటినుంచీ అంతేనండి."

"పుట్టినప్పుడు కూడా ఏడవనేదు బాబూ," అంది మామ్మ. "మంత్రసాని తలకిందులుగా పట్టుకుని ఈపు మీద నాలుగు దెబ్బలేస్తే అప్పుడు ‘ఊ’ అన్నాది. మళ్ళీ మూడేళ్ళకి ‘మామ్మా’ అన్నాది. ఈ రెండింటి మద్దిన నానే మాటాడినాను."

ఆచార్యులవారు కళ్ళు మూసుకున్నారు. "హింసతో మొదలైన స్వరం," అన్నారు. మైత్రేయి రాసుకుంది.

తరవాత ఒక ఫారం తీశారు. దాని పేరు అణచివేత కొలమానం. "అణచివేతకు గురయ్యాను" అంటే ఒక మార్కు. "గురికాలేదు" అంటే రెండు మార్కులు, ఎందుకంటే ఆ సంగతి తనకే తెలియనంతగా గురైనట్టు. ఏమీ మాట్లాడకపోతే మూడు. నేను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.

"సున్నా ఎక్కడ వేస్తారండి?"

"సున్నా ఉండదమ్మా," అన్నారాయన చాలా దయగా. "సున్నా ఉంటుందనుకోవడమే అసలు జబ్బు."

మైత్రేయి స్టాప్‌వాచీతో మా ఇంట్లో ఎవరి మాట ఎంతసేపో కొలిచింది. నలభై నిమిషాల్లో మామ్మ ముప్పైనాలుగు, కోడిపెట్ట రెండు, నేను అర. ఆచార్యులవారు అంతకు ముందు మాట్లాడిన గంటన్నర లెక్కలోకి రాలేదు. విశ్లేషణ మాట కిందకు రాదట.

"స్పష్టంగా ఉంది," అన్నారాయన లేస్తూ. "ఈ ఇంట్లో ధ్వని భూస్వామ్యం నడుస్తోంది. ఈ పెద్దావిడ ధ్వని భూస్వామి."

మామ్మ కొంగు సర్దుకుంది. అరవై ఏళ్ళుగా ఎవరి చేలోనో నాట్లు వేసిన మనిషి. "నాను బూస్వామినా? ఏ గట్టు కాడ బాబూ? పాసుబుక్కు ఎవులిస్తారు?"

కారు మలుపు తిరిగేలోగా వీధి వీధంతా తెలిసిపోయింది. "ఒలే బంగారమ్మా, ఇన్నావా? గవుర్మెంటోళ్ళు వచ్చి నన్ను బూస్వామిని సేసినారు! ఇక నీ కోళ్ళు నా జాగాలోకి రాకూడదు!"

* * *

వారానికి ఉత్తర్వు వచ్చింది.

"శ్రీమతి అసిరమ్మ, వయస్సు 71, రోజుకు నూట ఇరవై మాటలకు మించి పలుకరాదు. మిగులు మాటలు ఎనిమిది వేల తొమ్మిది వందలు ఆమె మనుమరాలు దమయంతికి దఖలు పరచడమైనది. దఖలైన మాటలను సదరు దమయంతి ఏ రోజుకారోజు వినియోగించుకొననిచో, అణచివేత కొనసాగుచున్నట్లు భావించి, భూస్వామి పరిమితిని మరింత తగ్గించగలందులకు ఉత్తర్వు చేయడమైనది."

లెక్క చూడడానికి మైత్రేయిని బడి వెనక గదిలో దించారు. ఆమె రోజూ మా పందిట్లో కూర్చునేది. చేతిలో బొటనవేలితో నొక్కే లెక్క యంత్రం ఉండేది. మాటకొక టిక్కు.

మొదటిరోజు మామ్మ నూట ఇరవై మాటలూ కోళ్ళగూడు తీసేలోపే అయిపోయాయి. అందులో అరవై కోళ్ళకే ఖర్చయ్యాయి. ఆ తరవాత నోరు తెరవడం, మైత్రేయి బొటనవేలు చూడడం, నోరు మూయడం.

నావేమో ఎనిమిది వేల తొమ్మిది వందలు. ఏం మాట్లాడాలో తెలియక ఎక్కాలు అందుకున్నాను. రెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా చదివాను. తరవాత కిరోసిను డబ్బా మీది హెచ్చరిక చదివాను. గోడ మీది పురుగుమందు ప్రకటన పద్దెనిమిదిసార్లు చదివాను. మైత్రేయి టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉంది. వారంలో ఒకసారి వచ్చిన ఆచార్యులవారు, నేను పదిహేడో ఎక్కంలో ఉండగా గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"వింటున్నావా మైత్రేయీ? అంకెల భాషలో ఎంత ఆగ్రహం!"

నాలుగో రోజుకు నా గొంతు బొంగురుపోయింది. ఐదో రోజుకు పూర్తిగా పోయింది. బుద్ధెరిగాక నా గొంతు పోవడం అదే మొదటిసారి. మాటలు వాడుకోలేదు గనక ఉత్తర్వు ప్రకారం మామ్మ పరిమితి అరవైకి దిగింది. తరవాత ముప్పై. తరవాత పది. ఆఖరికి ఐదు.

ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయని పథకాన్ని ఊరంతటికీ విస్తరించారు. చేపలమ్మే నూకాలు వీధి వీధికీ కేక వేయలేక గంప దించి మూత ఎత్తి చూపించేది. మనుషుల కన్నా ముందు పిల్లులు వచ్చేవి. వీధి చివర ఉండే మొగుడూ పెళ్ళాలకు పొద్దున్నే మాటలు అయిపోయేవి. మిగిలిన పోట్లాట గిన్నెలతో పూర్తి చేసుకునేవారు. గిన్నెలకు పరిమితి లేదు.

అదంతా చూస్తే నవ్వొచ్చేది. మామ్మను చూస్తే రాలేదు. నేను బియ్యం ఏరుతుంటే ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి కూర్చునేది. పెదవులు కదిలేవి. మేక ఏ రంగుదో చెప్పేది కాదు. బియ్యంలో బెడ్డలు నాకు కనిపించడం మానేశాయి. నాన్న అన్నంలో పన్ను విరగ్గొట్టుకున్నాడు.

* * *

నా గొంతు కొంచెం వచ్చాక బడిలో సదస్సు పెట్టారు. గుడ్డ మీద పెద్ద అక్షరాలతో "తలుపు: లేమి, లోపలితనం, విమోచన" అని రాశారు. పట్నం నుంచి పన్నెండు మంది వచ్చారు. మైకు నాకిచ్చారు.

ఇన్నాళ్ళూ ఎక్కాలకు ఖర్చు పెట్టిన గొంతులో మిగిలింది కొంచెమే. సూటిగా చెప్పాను. "ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదండి. పొద్దుటి నుంచీ నీళ్ళు తాగరు. కళ్ళు తిరిగి పడిపోతున్నారు. నలుగురు బడి మానేశారు. ఒక తలుపు కావాలి."

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆచార్యులవారు మైకు తీసుకున్నారు.

"నీళ్ళు తాగరు! ఏమిటిది? నిరాకరణ. దేహం చేస్తున్న సమ్మె. నలుగురు బడి మానేశారు! ఏమిటిది? వ్యవస్థ నుంచి నిష్క్రమణ."

వరహాలమ్మ మేడం ముందు వరసలోంచి లేచారు. "సార్, అంత లేదు సార్. ఒక రేకు, రెండు బందులు, ఒక గడియ. వడ్రంగి కూడా ఒప్పుకున్నాడు. మీరు ఊఁ అనండి, చాలు."

"మేడం, మీరు వస్తువులో చిక్కుకుపోయారు," అన్నారాయన జాలిగా. "తలుపు ఏం చేస్తుంది? లోపల, బయట అని లోకాన్ని రెండుగా కోస్తుంది. మూసే హక్కు ఒకరికి, ఆగే ఖర్మ ఇంకొకరికి. మరుగు అన్నదే ఆధిపత్యం. దమయంతి తలుపు కోరుకోవడం లేదు. తలుపు కోరుకునేలా ఆమెను తయారుచేశారు. ఆ కోరిక తీర్చామా, అణచివేతకు మనమే గడియ పెట్టినవాళ్ళమవుతాం."

"మరి ఏం చేద్దామండి?" అన్నారు మేడం.

"ఉన్న తలుపులు కూడా తీసేద్దాం."

ఆ సాయంత్రమే మగపిల్లల మరుగుదొడ్డి తలుపు, టీచర్ల మరుగుదొడ్డి తలుపు ఊడదీశారు. సమానత్వం సాధించినట్టు సదస్సు మినిట్సులో రాశారు. తెల్లారేసరికి పథకం పెద్దదైంది. మా ఊరు రాష్ట్రంలో మొట్టమొదటి "తలుపు రహిత ఆదర్శ గ్రామం" అవుతుంది. ఆదర్శ గ్రామమైతే బస్సు వేస్తారని సర్పంచి గారు నమ్మారు. బస్సు అనగానే ఊరూ నమ్మింది. రెండ్రోజుల్లో ఇళ్ళ మరుగుదొడ్లవి, బడివి కలిపి అరవైమూడు తలుపులు బడి వరండాకు చేరాయి. మా దొడ్లోది నీలం తలుపు. నాన్న రంగు వేస్తే, మామ్మ దాని మీద ఎర్ర మందారపువ్వు వేసుకుంది. అది ఊడదీస్తున్నప్పుడు మామ్మ తన ఐదు మాటలూ ఒకేసారి వాడింది. అవి ఇక్కడ రాయను.

తరవాత ఊరు ఊరంతా నీళ్ళు తాగడం తగ్గించింది. టీకొట్టులో గ్లాసులు బోర్లించారు. ఎండలో చేలోంచి వచ్చిన మగవాళ్ళు కూడా చెంబు ఎత్తి రెండు గుటకలు వేసి, వీధి వైపు చూసి, చెంబు దించేవారు. మొదటివారం నవ్వినవాళ్ళు రెండోవారం నవ్వలేదు.

మూడోవారం మామ్మ అంబలి గ్లాసు ఇవ్వబోతే మైత్రేయి, "వద్దు మామ్మా," అని తల అడ్డంగా ఊపింది. పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. ఆమె ఉండేది బడి వెనక గదిలో. మామ్మ ఆ పెదవుల వైపు, చేతిలో లెక్క యంత్రం వైపు చూసింది. మాట వాడకుండా చెంప మీద చెయ్యి వేసింది.

* * *

అప్పుడే ఇంకో ఉత్తర్వు వచ్చింది. వరహాలమ్మ మేడం అది పట్టుకుని, పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"చదువు దమయంతీ. నా కళ్ళు తిరుగుతున్నాయి."

నేను చదివాను. "సేకరించిన తలుపులను ప్రధానోపాధ్యాయురాలి పూచీపై భద్రపరచవలెను. తలుపులను నేలపై పడుకోబెట్టరాదు. బందులతో సహా, నిలువుగా, గాలి వెలుతురు సోకు చోట, ఒకటి మరొకదానిని తాకకుండ ఉంచవలెను. ప్రతి తలుపునకు భద్రపరచిన స్థలమును రిజిస్టరులో నమోదు చేయవలెను."

"అరవైమూడు తలుపులమ్మా! నాకున్నవి రెండు గదులు. పిల్లల్ని పడుకోబెట్టి తలుపుల్ని నిలబెట్టనా? ఒక్కటి పాడైతే నా ఉద్యోగం పోతుందట."

మామ్మ పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్క మాటా ఖర్చు పెట్టలేదు. పెట్ట పక్కింటికి పోయినా పిలవలేదు, బంగారమ్మ వచ్చి కోడిగుడ్డు ఎత్తుకుపోతున్నా నోరెత్తలేదు. ఐదుకు ఐదూ దాచుకుంది. ఎందుకో మాకు తెలియదు, బహుశా తనకీ తెలియదు. ఉత్తర్వు పూర్తిగా విని, ముందుకు జరిగి, ఒక్కొక్క వేలూ మడుస్తూ అంది.

"నిలబెట్టే దాయాల కదమ్మా? గుమ్మంలో నిలబెట్టు."

లెక్క యంత్రం ఐదుసార్లు టిక్కుమంది.

 వరహాలమ్మ మేడం రిజిస్టరు తెరిచి, నా కలం తీసుకుని, మొదటి గీతలో తన గుండ్రటి అక్షరాలతో రాశారు. "తలుపు నం. 1. నీలము. మందారపుష్పము గలదు. యజమాని: అసిరమ్మ. భద్రపరచిన స్థలము: బాలికల మరుగుదొడ్డి గుమ్మము. బందులతో సహా, నిలువుగా."

వడ్రంగి గంటలో వచ్చి భద్రపరిచి వెళ్ళాడు. పడుకోబెట్టలేదు. దేన్నీ తాకడం లేదు. గాలీ వెలుతురూ సోకుతున్నాయి.

తనిఖీ చేయాల్సింది మైత్రేయి. తలుపు ముందుకు వచ్చి నిలబడింది. ఉత్తర్వు ఒకసారి చదివింది, రిజిస్టరు ఒకసారి చదివింది. లెక్క యంత్రం నా చేతిలో పెట్టింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి బయటికి వచ్చి, ముఖం కడుక్కుని, రిజిస్టరులో సంతకం పెట్టి పక్కన రాసింది. "భద్రత సంతృప్తికరము."

తరవాత మా ఇంటికి వచ్చి మూడు గ్లాసుల అంబలి తాగింది.

సోమవారం, మానేసిన నలుగురిలో ఇద్దరు బడికి వచ్చారు. గురువారానికి మిగిలిన ఇద్దరూ వచ్చారు. బడిలో మంచినీళ్ళ కుండ మధ్యాహ్నానికే ఖాళీ అయింది. ఆ కుండ అడుగు నేను ఏడాది తరవాత మళ్ళీ అప్పుడే చూశాను.

* * *

ఆదర్శ గ్రామ పురస్కారం నాడు ఆచార్యులవారు వచ్చారు. మిగిలిన అరవైరెండు తలుపులూ తోరణానికి కావాలని సర్పంచి గారు అట్టేపెట్టించారు. వాటిని రోడ్డుకు అటూ ఇటూ నిలబెట్టారు. ఆయన వాటి మధ్యనుంచి నడిచి వచ్చారు. స్వాగతం చెప్పడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా మాటలు మిగలలేదు. అందుకని ఇంటింటా ఒక కొబ్బరిబొండం కొట్టి చేతిలో పెట్టారు. గౌరవం కాదనకూడదని ఆయన అన్నీ తాగారు. మా ఇంటిది తొమ్మిదోది.

నా ముగింపు వాంగ్మూలం తీసుకోవడానికి మంచం మీద కూర్చున్నారు. కాలు మీద కాలు వేశారు. తీశారు. రెండో కాలు వేశారు.

"దమయంతిగారూ, మీ ప్రయాణం..." అని ఆగి, చుట్టూ చూశారు. "ఇక్కడ... దొడ్డి ఎటండి?"

చూపించాను. వెళ్ళి వెంటనే వెనక్కి వచ్చారు. మా మరుగుదొడ్డి వీధి కుళాయికి ఎదురుగా ఉంటుంది. కుళాయి దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఉన్నారు. వాళ్ళకు మాటలు లేకపోయినా కళ్ళున్నాయి.

"దీనికి తలుపు లేదా?" అన్నారు గొంతు తగ్గించి.

"తీసేశాం సార్."

"ఎక్కడైనా... ఒక్కటైనా..."

"వచ్చేటప్పుడు అరవైరెండింటి మధ్యనుంచి వచ్చారు సార్. ఇంకొకటి ఆడపిల్లల దాంట్లో భద్రపరిచాం. దానికి లోపల గడియ కూడా ఉంది. కానీ మగవాళ్ళు వెళ్ళకూడదు."

మైత్రేయి ఏమనుకుందో, చేతిలోని లెక్క యంత్రాన్ని నా పక్కనున్న చేటలో, బియ్యం మీద పెట్టేసి చేతులు దులుపుకుంది. మామ్మ దానివంక చూసింది. అది టిక్కుమనలేదు. మామ్మ ముఖం విప్పారింది.

"కూకోండి బాబూ, ఎక్కడికెల్తారు! ఆ మేక సంగతి మీకు సెప్పనేదు కదా? నా పెళ్ళికి పెళ్ళికొడుకు సెప్పులు ఇప్పి పందిరి కాడ ఎట్టినాడు. అప్పుడేటైందంటే, ఎనకనించి ఒక నల్ల మేక వచ్చినాది. నల్లదే బాబూ, ఇప్పుడు గేపకం వచ్చినాది. ఆ మేక సూసినాది, సుట్టూ ఎవులూ నేరు. మెల్లగా వచ్చి..."

మామ్మ చెబుతూ పోయింది. ఇన్నివారాల మాటలు ఒక్కసారిగా వస్తున్నాయి. మేక చెప్పు దగ్గరికి రావడానికే పావుగంట పట్టింది. ఆచార్యులవారు సగం లేవడం, మామ్మ "అయిపోలేదు బాబూ" అనడం, ఆయన కూర్చోవడం. నుదుటి మీద చెమట పట్టింది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు బిందెలు నిండినా కదలలేదు.

మేక రెండో చెప్పు అందుకునేసరికి మైత్రేయి సంచీలోంచి కొలమానం ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"క్షమించాలి సార్. ముగింపు రోజున అక్కడున్న అందరినీ అడగాలని నిబంధన. మీరే రాశారు." కలం మూత తీసింది. "ఈ గ్రామంలో తలుపు లేకపోవడం వల్ల మీరు ఏమైనా ఇబ్బందికి గురయ్యారా?"

ఆచార్యులవారు నోరు తెరిచారు. గురయ్యానంటే ఒకటి, గురికాలేదంటే రెండు. ఫారం వైపు చూశారు. మామ్మ వైపు చూశారు. మామ్మ కూడా కథ ఆపి ఆయన జవాబు కోసం ఎదురుచూసింది. ఆయన నోరు మూసుకున్నారు.

మైత్రేయి గడిలో మూడు వేసింది.

ఆచార్యులవారు కండువా సర్దుకుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టి నడుస్తూ, ఒక్క మాటైనా మాట్లాడకుండా మా గుమ్మం దాటి వెళ్ళిపోయారు.